నమ్మకాన్ని బట్టి నీళ్ళు

సుభాషిణికి మొగుడి మీద పెద్దగా ఫిర్యాదులేమీ లేవు. మనిషి తాగడు, పేకాడడు, తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం తప్ప చెప్పుకోదగ్గ దురలవాటు లేదు. ఉన్న చిక్కల్లా ఒకటే. ఆయనకు అభిప్రాయాలున్నాయి. అవి అందరికీ ఉంటాయి కదా అంటారేమో. ఉంటాయి. కాని మిగతావాళ్ళు పండక్కీ పబ్బానికీ బయటికి తీస్తారు. భీమేశ్వరరావు వాటిని రోజువారీ వాడకానికి పెట్టుకున్నాడు. పొద్దున్న నోట్లో పేస్టు నురగతో మొదలుపెడితే రాత్రి దోమతెర దోపుకునేదాకా నడుస్తూనే ఉంటాయి.

పప్పులో ఉప్పు ఎక్కువైందని మొదలుపెట్టినా, మోకాలు నొప్పెడుతోందని మొదలుపెట్టినా ఆయన మాట చివరికి చేరే రేవు ఒకటే.

"ఇందుకే అంటాను. అసలు ప్రభుత్వం అనేదే దండగ. మనిషిని వాడి మానాన వాణ్ణి వదిలేస్తే హాయిగా బతుకుతాడు."

ఆయన నీటిపారుదల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యాడు. ప్రభుత్వంలో ఏ పనీ జరగదన్న నమ్మకం ఆయనకు ఎవరో చెబితే వచ్చింది కాదు. అన్నేళ్ళూ స్వయంగా దగ్గరుండి చూసుకున్నాడు.

సుభాషిణి కూడా చదువుకున్నదే. బి.ఎ.లో రాజనీతిశాస్త్రం. ఆ చదువు ఇంతవరకూ పాలవాడితోనూ పనిమనిషితోనూ కుదుర్చుకున్న సంధి ఒప్పందాల్లో తప్ప ఎక్కడా అక్కరకు రాలేదు. ఆమెకూ ఒక అభిప్రాయం ఉంది. పొన్నమర్రు పట్టణంలో కుళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున్న అయిదింటికి, ముప్పావుగంట వస్తాయి. పైపుకి మొదట్లో ఉన్న ట్యాంకు వీధివాళ్ళకి ప్రభుత్వం మీద గురి ఎక్కువ. చిట్టచివర ఉన్న పడమటి వీధివాళ్ళకి దేవుడి మీద గురి. మధ్యలో ఉన్న తమ వీధివాళ్ళు, ధార సన్నగా వస్తుంది కాబట్టి, బిందె నిండేలోగా అభిప్రాయాలు చెప్పుకుంటారు. రాజనీతిశాస్త్రం అంటే ఇంతకు మించి ఏమీ లేదని ఆమె తేల్చుకుంది. ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో పొన్నమర్రు పురపాలక సంఘానికి కొత్త ఉత్సాహం పుట్టింది. కమిషనర్ నిత్యానందరావు ఎక్కడో చల్లటి కొండమీద మూడు రోజులు శిక్షణ పొంది వచ్చాడు. ఒక్కో మనిషికి జీవితం మీద ఒక్కో దృక్పథం ఉంటుందనీ, దాన్ని బట్టే ప్రభుత్వం ఎలా ఉండాలో ఆ మనిషి ఊహించుకుంటాడనీ అక్కడ చెప్పారట. అందులో తప్పేమీ లేదు. తప్పల్లా కమిషనర్ మొదటి వరసలో కూర్చుని అదంతా రాసుకోవడంలో వచ్చింది.

మర్నాటి నుంచి ఆటోలో మైకు తిరిగింది. "ప్రియమైన పౌరులారా! ఇకమీదట అందరికీ ఒకే సేవ అనే మొరటు విధానానికి స్వస్తి! ఎవరి దృక్పథం వారిది, ఎవరి దృక్పథానికి తగిన సేవ వారికి! గణనకు వచ్చే సిబ్బందికి మనసు విప్పి సహకరించండి!"

మనసు విప్పమంటే భీమేశ్వరరావుకి ఇక కావలసిందేముంది? రెండు రోజులు కొత్త చొక్కా వేసుకుని వీధి వరండాలో కూర్చున్నాడు.

మూడో రోజు వార్డు దృక్పథ పరిశీలకుడు సింహాచలం వచ్చాడు. యాభై దాటిన మనిషి. మొన్నటిదాకా దోమల మందు కొట్టేవాడు. ఆ డ్యూటీలో ఉండగా వచ్చిన దగ్గు ఇంకా వదల్లేదు.

"మొత్తం తొమ్మిది ప్రశ్నలండి. ఒకటోది. జీవితంలో మంచిచెడ్డలకి కారణం. అ, సొంత కష్టం. ఆ, ప్రభుత్వం. ఇ, విధి. ఈ, చెప్పలేను."

"రాసుకో. సొంత కష్టం," అన్నాడు భీమేశ్వరరావు.

లోపల మంచం మీంచి ఆయన తల్లి పేరిందేవమ్మ గొంతు వినిపించింది. ఎనభై నాలుగేళ్ళ మనిషైనా చెవులు మాత్రం పాడవలేదు. "మన చేతుల్లో ఏముంది నాయనా, అంతా ఆ భగవంతుడి దయ!"

"మామ్మగారూ, మీది లెక్కలోకి రాదండి," అన్నాడు సింహాచలం వినయంగా. "ఒక పొయ్యి, ఒక కుటుంబం, ఒక దృక్పథం. ఇంటి పెద్ద చెప్పిందే ఇంటిల్లిపాదికీ వర్తిస్తుందండి."

సుభాషిణి వంటింట్లోంచి తల బయటికి పెట్టింది. "నాకూ ఒక అభిప్రాయం ఉందండీ."

"ఉండొచ్చమ్మా. దానికి గడి లేదు."

భీమేశ్వరరావు ఒక్కో ప్రశ్నకీ పావుగంట తీసుకున్నాడు. తొమ్మిదో ప్రశ్న వచ్చేసరికి సింహాచలం రెండో కాఫీ తాగుతున్నాడు.

"ఆఖరిదండి. తమ జీవితంలో ప్రభుత్వం ఎంతవరకు ఉండాలని కోరుకుంటున్నారు?"

"నా వీధి గుమ్మం దాటి లోపలికి రాకూడదు. అసలు గుమ్మం దాకా కూడా రాకూడదు!"

"'దాకా కూడా' అని రాసెయ్యమంటారా అండి?"

"రాయి. కింద గీత కూడా కొట్టు."

సింహాచలం గీత కొట్టాడు. భీమేశ్వరరావు సర్వీసులో కూడా ఎప్పుడూ పెట్టనంత పెద్ద సంతకం పెట్టాడు.

పదిరోజుల్లో గేటుకి ఆకుపచ్చ రేకు బిగించారు. 'స్వేచ్ఛాపౌరుడు. మూడవ శ్రేణి. ఈ గృహమునకు ప్రభుత్వము అవసరము లేదు.' భీమేశ్వరరావు దాని పక్కన నిలబడి ఫొటో తీయించుకుని, తెలిసినవాళ్ళందరికీ ఫోన్లో పంపించాడు.

"చూశావటే? నా జన్మలో మొదటిసారి ప్రభుత్వం మన మాట విన్నది."

విన్నది, నిజమే. మర్నాడు పొద్దున్న చెత్తబండి పాట పాడుకుంటూ వచ్చి, వాళ్ళ గేటు ముందుకు రాగానే పాట ఆపేసి, చప్పుడు చెయ్యకుండా దాటి, పక్కింటి దగ్గర మళ్ళీ అందుకుంది. ఆ వారంలోనే వీధి దీపానికి ఒక రేకు డొప్ప తగిలించారు. వెలుగు ఇటు ఇరవై గజాలు, అటు ఇరవై గజాలు పడుతుంది. వీళ్ళ ప్రహరీ మీద మాత్రం పడదు. ఆ తర్వాత వీధికి సిమెంటు రోడ్డు వేశారు. ఎడమవైపు ఇంటి గోడ దాకా వేసి, ముప్పై అడుగులు వదిలి, కుడివైపు ఇంటి గోడ దగ్గర మొదలుపెట్టారు. మేస్త్రీ టేపుతో రెండుసార్లు కొలిచి మరీ వదిలాడు.

"గౌరవం అంటే ఇదీ," అన్నాడు భీమేశ్వరరావు, ఆ కంకర మీద చెప్పు మడత పడుతుంటే గోడ పట్టుకుని.

ఎదురింటి పట్టాభి మాస్టారిది ఇంకో రకం గౌరవం. ఆయన తొమ్మిది ప్రశ్నలకీ 'ప్రభుత్వమే అన్నీ చూడాలి' అని రాయించి ఒకటో శ్రేణి పొందాడు. రోజూ అయిదింటికి ఒక ఉద్యోగి వచ్చి ఆయన్ని నిద్ర లేపుతాడు. ఇంకొకడు పులుసులో ఉప్పు కొలుస్తాడు. మంచం ఉత్తరం నుంచి తూర్పుకి తిప్పుకుందామని మాస్టారు పెట్టిన అర్జీ ఇంకా సంతకాలు పూర్తికాక ఆగి ఉంది. ఓ మధ్యాహ్నం ఆయన అటూ ఇటూ చూసి గేటు దగ్గరికి వచ్చాడు.

"అమ్మాయ్ సుభాషిణీ, ఒక ఆవకాయ ముక్క ఉంటే పెడుదూ. మాకు ఆదివారానికి గాని మంజూరు కాదు."

పడమటి వీధివాళ్ళు అంతా విధి అని రాయించారు. అక్కడ మూతలేని కాలవ పక్కన మునిసిపాలిటీ వారు ఒక బోర్డు పాతారు. 'ఇందులో పడినవారి ప్రారబ్ధమునకు మేము బాధ్యులము కాము.'

సుభాషిణి ఇదంతా చూస్తూ నవ్వుకుంటూనే ఉంది. నవ్వు ఆగిపోయింది మాత్రం రెంచి పట్టుకుని ఫిట్టరు వచ్చిన రోజున. వెనకాల సింహాచలం ఒక కాగితం చదివాడు.

"'పై విషయమును పురస్కరించుకొని తమకు తెలియజేయునది ఏమనగా, తమ అమూల్య విశ్వాసమునకు భంగము కలిగించుచున్న కుళాయి కనెక్షను ఇందుమూలముగా తొలగించడమైనది. ఇంతకాలము నీళ్ళు ఇచ్చినందుకు చింతించుచున్నాము.' ఇక్కడ సంతకం చెయ్యండమ్మా."

వాళ్ళమ్మాయి హరిణికి తొమ్మిదో నెల. మొదటి కాన్పు. పుట్టింట్లోనే జరగాలి కాబట్టి పన్నెండు రోజుల్లో వస్తోంది. సుభాషిణి అటక మీంచి ఉయ్యాల దింపించి తుడిచింది. మెత్తబడిన పాత చీరలన్నీ ఉతికి పొత్తిగుడ్డలుగా చింపింది. పిల్ల కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి ఆమె మనసులో ఎదురుచూస్తున్నది ఒక్క ఆ నెలరోజుల కోసమే. నీళ్ళు లేని ఇంట్లో పురుడెలా పోస్తారు?

ఆ సాయంత్రమే బెజవాడ నుంచి వియ్యపురాలు మాణిక్యాంబ ఫోను.

"వదినగారూ, మీకు కుళాయి తీసేశారటగా పాపం! అన్నయ్యగారి ఫొటో మాకూ వచ్చిందిలెండి, ఆ ఆకుపచ్చ బోర్డుతో. మాకిక్కడ రాత్రనక పగలనక నీళ్ళేనండి. ఎందుకొచ్చిన శ్రమ మీకు? పిల్లని ఇక్కడే ఉంచేసుకుంటాం. బారసాలకి మీరే వచ్చి ఓ పూట చూసి వెళ్ళండి."

"అబ్బే, అంత ఇబ్బందేమీ లేదు వదినగారూ, వారంలో సర్దుకుంటుంది," అంది సుభాషిణి. ఫోన్ పెట్టేసి మొగుడి వంక చూసింది. ఆ చూపు ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఆయన రెండుసార్లే చూశాడు.

"దీనికింత కంగారెందుకు?" అన్నాడాయన. "డబ్బు పారేస్తే ప్రైవేటు ట్యాంకరు గుమ్మంలోకొస్తుంది. స్వేచ్ఛ అంటే అదేగా!"

ట్యాంకరు వచ్చింది. గుమ్మంలోకి కాదు, వీధి మొగదాకా. అక్కడ సింహాచలం చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోడ్డు పురపాలక సంఘానిదండి. స్వేచ్ఛాపౌరుల సరుకు దీనిమీదుగా పోకూడదు."

"మరి నేను నడుస్తున్నానుగా?" అన్నాడు భీమేశ్వరరావు.

"తమరు నడవడం పరిశీలనలో ఉందండి."

బోరు వేయిద్దామంటే అనుమతి కావాలన్నారు. అనుమతి అడగాలంటే ముందు అనుమతుల మీద నమ్మకం ఉన్నట్టు రాసివ్వాలన్నారు. ఆయన రాసివ్వనన్నాడు. చివరికి సైకిలు మీద రోజుకి రెండు ఇరవై లీటర్ల డబ్బాలు వచ్చే ఏర్పాటైంది. సైకిళ్ళ గురించి సర్క్యులర్ ఇంకా రాలేదు.

రెండు డబ్బాల నీళ్ళతో బాలింత వేణ్ణీళ్ళ మాట అటుంచి, పేరిందేవమ్మ మడిబట్ట కూడా తడవదు. సుభాషిణి ఇస్త్రీ చీర కట్టుకుని, నీళ్ళ సీసా సంచిలో వేసుకుని పురపాలక సంఘం ఆఫీసుకి వెళ్ళింది.

కమిషనర్ నిత్యానందరావు ఆమెను ఆదరంగా కూర్చోబెట్టాడు. ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఆమె సంచిలోని సీసా వంక చూశాడు.

"చూడండమ్మా. పౌరుడి అంతరంగాన్ని పాలనా యంత్రాంగం అక్షరం పొల్లుపోకుండా గౌరవించడం చరిత్రలో ఇదే ప్రప్రథమం. మీవారి ఆశయానికి మేము కేవలం కార్యరూపం ఇచ్చాము. ఆ సీసాలోవి... మంచినీళ్ళేనా?"

"మంచినీళ్ళేనండి. మీ ఆఫీసులో లేవా?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఆఫీసుకీ గణన జరిగిందమ్మా. తొమ్మిది ప్రశ్నలకీ నేను 'పరిశీలించి తెలియజేయబడును' అని సమాధానమిచ్చాను. ఆ పరిశీలన ఇంకా పూర్తి కాలేదు. కాబట్టి మా నీళ్ళు మేమే పరిశీలనలో పెట్టుకున్నాం."

సుభాషిణి సీసా అందించింది. ఆయన తాగబోతూ ఆగాడు. "ఇవి ఏ దృక్పథపు నీళ్ళు?"

"కాచి వడపోసినవండి."

సగం సీసా తాగాక కమిషనర్ మనసు కాస్త తడిసింది. దృక్పథం మార్చుకునే దారి ఉందని చెప్పి, సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నమూనా పదకొండు.

"'కుటుంబ పెద్ద స్వయముగా, బిగ్గరగా, ఇద్దరు సాక్షుల ఎదుట తప్పు నాదే అని పలుకవలెను. ఏ విషయములో అన్నది ఆరవ గడిలో పూరింపవలెను.' ఇంతేనమ్మా, చాలా సులభం. మీవారు ఆ మాట లోగడ ఎప్పుడైనా అన్న దాఖలా ఉందా?"

"ముప్పై ఆరేళ్ళలో లేదండి."

నిత్యానందరావు నిట్టూర్చాడు. ఆయనా సంసారే. "అయితే కష్టమే."

"ఒక పొయ్యి, ఒక కుటుంబం, ఒక దృక్పథం అని కదండీ మీ నిబంధన?" అంది సుభాషిణి, కొంగు సర్దుకుంటూ.

"అవును. అది నేనే రాశాను."

"మరి రెండు పొయ్యిలైతే?"

కమిషనర్ కళ్ళు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. "రెండు కుటుంబాలు," అన్నాడు చివరికి, తన తెలివికి తానే ఆశ్చర్యపోతూ. "నిబంధన ప్రకారం తోసిపుచ్చడానికి వీల్లేదు."

మర్నాడు సుభాషిణి గ్యాసు పొయ్యిని వంటింట్లోంచి పెరటి వసారాలోకి మోయించి, మొగుడి వాటాకి కిరసనాయిలు లేని పాత స్టవ్వు వదిలింది.

"ఏమిటిది?" అన్నాడు భీమేశ్వరరావు.

"వేరు కాపురం పెడుతున్నాను. మీ స్వేచ్ఛకి నేను అడ్డమెందుకు?"

"నా కాఫీ?"

"మనిషిని వాడి మానాన వదిలేస్తే చూసుకుంటాడన్నారుగా."

కొత్త కాపురం కాబట్టి పద్ధతిగా పాలు పొంగించింది. పట్టాభి మాస్టారు అరగంట సెలవు మంజూరు చేయించుకుని వచ్చి అక్షింతలు వేశాడు. సుభాషిణి పేరిందేవమ్మను కూడా అడిగింది.

"అత్తయ్యగారూ, మీరెటు ఉంటారు?"

"కాఫీ ఎటుంటే అటు," అని ఆవిడ చేతికర్ర తీసుకుని పెరట్లోకి నడిచింది. అంతా భగవంతుడి దయ అని నమ్మే మనిషే గాని, కాఫీ విషయంలో ఆయన మీద భారం వెయ్యదు.

సింహాచలం పొయ్యి వెలుగుతోందని చూసి, కొత్త ఫారం తీశాడు.

"ఒకటోదండి. జీవితంలో మంచిచెడ్డలకి కారణం?"

"పొద్దున్న అయిదింటికి నీళ్ళు రావడం. రాకపోవడం."

"అది లేదండి. సొంత కష్టమా, ప్రభుత్వమా, విధా?"

"బిందె మోసేది నేను. నీళ్ళు వదిలేది మీరు. చెరువు నింపేది వాన. మూడూ రాసుకోండి."

"మూడు రాయడానికి పట్టదండి," అని కాసేపు పెన్ను కొరికి, సింహాచలం 'ఈ, చెప్పలేను' దగ్గర టిక్కు పెట్టాడు.

"చెప్పాను కదండీ?"

"చెప్పారమ్మా. గడి లేదు కాబట్టి చెప్పలేనట్టే."

తొమ్మిది ప్రశ్నలూ అలాగే ముగిశాయి. ఆమెకు ఏ దృక్పథమూ లేదని తేలింది. దృక్పథం లేనివాళ్ళ కోసం కొత్త పథకమేదీ రాయలేదు కాబట్టి, వాళ్ళకి అన్నీ పాతపద్ధతిలోనే జరుగుతాయట. రెండో రోజు పొద్దున్న అయిదింటికి పెరట్లో కొత్త కుళాయి బుస్సుమంది. ఊరు మొత్తం మీద మామూలుగా నీళ్ళు వస్తున్న ఇల్లు అదొక్కటే.

అంతా బాగానే ఉంది గాని, ఆ వెంటనే సింహాచలం ఒక సుద్దముక్కా స్టూలూ తెచ్చుకున్నాడు. వీధి గుమ్మం నుంచి నట్టింటి దాకా స్వేచ్ఛాపౌరుడిది. నట్టింటి నుంచి పెరటిదాకా సుభాషిణిది. మధ్యలో తెల్లటి గీత.

"'ఒక దృక్పథమునకు చెందిన నీరు, నీటితో తయారైన పదార్థములు, నీటితో తడిసిన వస్తువులు వేరొక దృక్పథమునకు చేరరాదు. చేరినచో కుళాయి రద్దగును.' నేనిక్కడే కాపలా ఉంటానండి, తమకేమీ ఇబ్బంది లేకుండా."

తను మాత్రం ప్రభుత్వోద్యోగి కాబట్టి రెండువైపులా చెల్లుతాడు. గీత మీద స్టూలు వేసుకుని పెరటివైపు నుంచి కాఫీ, ఉప్మా, మధ్యాహ్నం పులిహోర పుచ్చుకుంటూ వీధివైపు కబుర్లు వినేవాడు.

భీమేశ్వరరావు ఏ మాత్రం చలించలేదు. డబ్బా నీళ్ళలో అటుకులు నానబెట్టుకుని తిన్నాడు. ఎలక్ట్రిక్ కెటిల్ ఒకటి కొనుక్కుని కాఫీ అనే పేరుతో ఏదో కాచుకున్నాడు. కరెంటు వాళ్ళకి ఇంకా శిక్షణ అవలేదు కాబట్టి సరిపోయింది.

"ఇప్పుడు బతుకుతున్నాను చూడు, నిజమైన బతుకు," అన్నాడు గీత అవతలి నుంచి. అప్పటికి అయిదు రోజులుగా ఒకే చొక్కా మీద ఉన్నాడు.

హరిణి అనుకున్న రోజుకే వచ్చింది. కారు సిమెంటు రోడ్డు అయిపోయిన చోట ఆగిపోయింది. ఆ ముప్పై అడుగుల కంకర మీద నిండు మనిషి ఒక చేత్తో నడుం పట్టుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిచింది. సుభాషిణి ఎదురెళ్ళి జబ్బ పట్టుకుంది. వరండాలో నిలబడ్డ భీమేశ్వరరావు నోరు తెరిచి, ఏమీ అనకుండా మూసుకున్నాడు. ఆయన నోరు ఖాళీగా మూతపడడం అదే మొదటిసారి.

తొమ్మిదో రోజున నర్సింగ్ హోములో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. బెజవాడ నుంచి దిగిన మాణిక్యాంబ, మనవరాలిని ఉన్న మూడు రోజులూ ఒళ్ళోంచి దింపలేదు. ఎవరికీ ఇవ్వలేదు.

"ఇంటికొచ్చాక ఎత్తుకుంటాలే," అన్నాడు భీమేశ్వరరావు, తలుపు దగ్గర నిలబడి.

ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది, పిల్ల నిద్రపోతోంది. మర్నాడు పొద్దున్న పేరిందేవమ్మ పెరటి వసారాలో పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. మునిమనవరాలిని మోకాళ్ళ మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, సున్నిపిండి నలుగు పెట్టి, చెంబుతో గోరువెచ్చని నీళ్ళు పోస్తుంటే పిల్ల వీధి దద్దరిల్లేలా ఏడ్చింది. తర్వాత సాంబ్రాణి పొగకి ఊరుకుంది. పొత్తిగుడ్డలో చుట్టి సుభాషిణి నట్టింట్లోకి తెచ్చింది.

గీత అవతల భీమేశ్వరరావు రెండు చేతులూ చాపుకుని ఉన్నాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. తలకి నూనె కూడా రాసుకున్నాడు.

సింహాచలం స్టూలు మీంచి లేచాడు. దగ్గాడు. ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

"అయ్యగారూ, ఏమీ అనుకోకండి. పాపగారికి పోసింది పురపాలక సంఘం నీళ్ళు."

"అయితే?"

"నీటితో తడిసిన వస్తువుల కిందికి వస్తారండి."

"ఇది వస్తువా! నా మనవరాలయ్యా!"

"సర్క్యులర్‌లో బంధుత్వాలు లేవండి. అటు చేరితే కుళాయి పోద్ది. రేపు మళ్ళీ స్నానం ఉంది కదండి పాపగారికి."

"తడి ఆరాక ఇవ్వొచ్చా?" అని అడిగింది సుభాషిణి.

సింహాచలం జేబులోంచి కాగితం తీసి రెండువైపులా తిప్పి చూశాడు. "ఆరడం గురించి ఏమీ లేదమ్మా. రాసి అడగమంటే అడుగుతాను. పరిశీలించి తెలియజేస్తారు."

చాపిన చేతులు అలాగే ఉన్నాయి. చుట్టలోంచి బుల్లి పిడికిలి ఒకటి బయటికొచ్చి గాలిలో ఆడింది. ఆ పిడికిలికీ ఆయన వేళ్ళకీ మధ్య మహా ఉంటే జానెడు దూరం. కింద సుద్దగీత.

"ఆ పదకొండో నమూనా ఏదో ఉందన్నావు కదే," అన్నాడాయన గొంతు తగ్గించి.

సింహాచలమే ఫైలులోంచి తీశాడు. ఆ కాగితం మొదటి రోజు నుంచీ పైనే పెట్టుకున్నాడు.

"చెప్పండయ్యగారూ."

భీమేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. "అంటే, సూత్రప్రాయంగా నేనన్నది పూర్తిగా తప్పని కాదు గాని, ప్రస్తుత పరిస్థితుల దృష్ట్యా..."

"అలా లేదండి నమూనాలో."

"పోనీ, ఇద్దరిదీ కొంత కొంత..."

"రెండే మాటలండి. బిగ్గరగా అనాలి. సాక్షులు కావాలి."

"నేనున్నాను," అంది పేరిందేవమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి. "వీడు పుట్టి అరవై నాలుగేళ్ళైంది. ఈ ముక్క వినడానికే ఆ దేవుడు నన్నింకా ఉంచాడేమో."

ఏడుపు విని వీధిలోకి వచ్చిన పట్టాభి మాస్టారు గేటు దగ్గరే చెయ్యెత్తాడు. "రెండో సాక్షిని నేను! ఇటువైపు వినబడాలోయ్ భీమేశ్వర్రావూ!"

మనవరాలు ఆవులించింది. తాతయ్య దాని నోరు చూశాడు, కంకర దాటి వచ్చిన కూతురి పాదాలు చూశాడు. కూతురు గుమ్మానికి ఆనుకుని నిలబడి నవ్వాపుకుంటోంది.

"తప్పు నాదే," అన్నాడు.

"ఇంకాస్త గట్టిగానండి."

"తప్పు నాదేనయ్యా!"

పట్టాభి మాస్టారు చప్పట్లు కొట్టాడు. సింహాచలం చెప్పుకాలితో గీత కొంచెం చెరిపాడు. మిగతాది భీమేశ్వరరావు పంచె అంచు చెరిపేసింది, ఎందుకంటే ఆయన అప్పటికే గీత మీద నిలబడి పొత్తిగుడ్డల మూట చేతుల్లోకి తీసుకున్నాడు. మూట ఇంకా తడిగానే ఉంది. ఆయన చొక్కా కూడా తడిసింది. ఎవరూ పరిశీలించలేదు.

"సాక్షుల సంతకాలు అయినాయండి," అన్నాడు సింహాచలం, కాగితం మోకాలి మీద పెట్టుకుని. "ఆరో గడి ఒకటి మిగిలింది. తప్పు తమదే అన్నారు కదా, ఏ విషయంలో అని రాసుకోమంటారు?"

భీమేశ్వరరావు నోరు తెరిచాడు. అంతకంటే ముందు సుభాషిణి చెయ్యి చాపి ఆ కాగితం అందుకుంది.

"అది ఖాళీగా వదిలెయ్యండి," అంది. "ఎప్పటికప్పుడు నేను నింపుకుంటాను."